గొడవ ముక్క కింద నల్లమట్టి

రేపల్లె శివనాగరాజు మనిషే కాడని బాపయ్య గట్టి నమ్మకం. సొంత బావమరిది అయ్యుండి, బాపట్ల సముద్రపొడ్డున ఉన్న సరుగుడు తోటలో హద్దు దగ్గర ముక్క తనదని పెద్దమనుషుల్లో పెట్టాడు. తేలేదాకా అక్కడ ఎవరూ కర్ర కొట్టకూడదు, పొయ్యిలోకి ఆకు కూడా ఊడ్చుకోకూడదు అన్నారు పెద్దలు. కూతురు సౌజన్య పుట్టిన ఏడు మొదలైన గొడవ, ఆ పిల్ల కాలేజీకొచ్చినా తేలలేదు. ముక్క వదిలితే పరువు వదిలినట్టేనని బాపయ్య బిగుసుకున్నాడు.

మిగతా తోటలో ఆడవాళ్ళు రోజూ ఆకు ఊడ్చి మోసుకుపోయేవాళ్ళు. ఆ ముక్క మాత్రం అడవైపోయింది. పోయినేడు బెరడు పురుగు పట్టి మానుల్ని తొలిచింది. మొన్నటి తుఫానుకి అవి వేళ్ళతో సహా పడ్డాయి.

నీళ్ళు తీశాక బాపయ్య, భార్య మస్తానమ్మ, సౌజన్య వెళ్ళేసరికి శివనాగరాజు పొక్లెయిన్ తెచ్చి నిలబెట్టున్నాడు.

"పడ్డ చెట్లకి పంచాయితీ ఏంటి బావా? మొద్దులు పెకలించి ముక్కని నా రొయ్యల చెరువులో కలిపేస్తా."

బాపయ్య తిట్టబోయి ఆగాడు. పైకి లేచిన వేరుమొద్దు కింద గుంటలో మట్టి నల్లగా ఉంది. పక్కన తన తోటలో పడ్డ చెట్టు కిందేమో ఉప్పులాంటి తెల్ల ఇసకే. వాళ్ళ తాత ఎండకి కాలే ఈ ఇసకలో కాళ్ళకి తాటాకులు కట్టుకుని నడిచేవాడు. బాపయ్య గుంటలో చెయ్యి పెట్టాడు. మణికట్టు దాకా దిగింది. పిడికిలి పడితే ముద్దయింది, చల్లగా. తెల్లటి బూజు దారాలు, ఎర్రలు, చెదలు. ఏవేవో కదులుతున్నాయి.

"ఎవరు పోశారే ఇంత మట్టి?"

వ్యవసాయం చదువుతున్న సౌజన్య పక్కన గొంతుక్కూర్చుంది. "ఎవరూ పొయ్యలేదు నాన్నా. చెట్టు గాల్లోంచి తీసుకున్న కార్బన్, అంటే మన బొగ్గే ఇది. ఆకై రాలింది. పురుగు కొరికి పొట్టు చేసింది. ఇప్పుడు తుఫాను మానుల్నే పడేసింది. ఇవి కుళ్ళేకొద్దీ కొంత మళ్ళీ గాల్లో కలుస్తుంది, కొంత మట్టిలో ఆగుతుంది. మిషన్‌తో తిరగేస్తే ఆగిందీ పోతుంది."

తోటని తినేసిన పురుగూ, పడగొట్టిన గాలీ ఇంకా పని చేస్తూనే ఉన్నాయన్నమాట. బాపయ్య తెలీకుండానే చెప్పులు విడిచాడు.

"గుళ్ళోకొచ్చావా బావా?" శివనాగరాజు నవ్వాడు. "ముక్క నాదని నీ సంతకం పడితే గానీ నా బండి వెనక్కి పోదు."

"పెడతా. ముక్క నువ్వే తీసుకో. మిషన్ దిగకూడదు, ఆకు ఊడవకూడదు, మొద్దులు పడ్డచోటే ఉండాలి."

"నా తల మీద చెయ్యేసి ఒప్పుకోరా తమ్ముడూ," అంది మస్తానమ్మ.

శివనాగరాజు కాసేపు నసిగి చెయ్యేశాడు. "ఇంత తేలిగ్గా ఇస్తాడని తెలిస్తే సలహాలకని తెనాలి ప్లీడర్ని మేపేవాణ్ణి కాదు కదే అక్కా."

సంతకం పడ్డాక పొక్లెయిన్ వెనక్కి తిరిగింది. బాపయ్య చేతి మట్టి కడుక్కోలేదు. బావమరిది మీద కోపం పోలేదు, పోదు కూడా. తాత నాటిన సరుగుడు నేలలో, సంతకం పెట్టి మరీ పోగొట్టుకున్నది పద్దెనిమిది సెంట్లు.