కంటి కొస

ఆయిల్‌పామ్ తోటలో గెలలు కోస్తుండగా పైనుంచి తెగిపడిన మట్ట ముళ్ళు చాంది కుడి కంటి కొసను చీల్చాయి. కనుగుడ్డుకు ఏమీ కాలేదు. భర్త మంగీలాల్ ఆమెను బండి మీద అశ్వారావుపేటలోని ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన పది నిమిషాల్లో తోలు దగ్గరికి లాగి కుట్టేశాడు.

గాయం మానింది. కన్ను మాత్రం మునుపటిలా కాలేదు. బయటి కొస కిందికి జారి, కింది రెప్ప వేలాడి లోపలి ఎరుపు కనిపించేది. నిద్రలో కూడా రెప్పలు కలిసేవి కావు. పొద్దస్తమానం నీళ్ళు కారేవి. "ఎందుకేడుస్తున్నవే?" అని తోటలో అందరూ అడిగేవాళ్ళు. ఏడవడం లేదని చెప్పీ చెప్పీ విసిగిపోయింది. నిజంగా ఏడ్చిన రోజున ఎవరూ అడగలేదు.

మూడోసారి చూపించడానికి వెళ్తే డాక్టరు ఫోనులోంచి తలెత్తకుండానే అన్నాడు. "చూపున్నది కదా? తోటల పనిచేసేదానివి, నీకు అందమెందుకు?"

మంగీలాల్ తల వంచుకున్నాడు. బయటికొచ్చాక చాంది అతని మీద విరుచుకుపడింది. "ఆయన గట్లంటుంటే నీ నోరేమైంది?"

రెండేళ్ళ తర్వాత ఏన్కూరులో పెట్టిన కంటి శిబిరంలో చూసి ఆమెను ఖమ్మం పంపారు. అక్కడ రెప్పల ఆపరేషన్లు చేసే డాక్టరు ప్రసూన, కింది రెప్పను వేలితో పైకెత్తి వదిలింది. అది మళ్ళీ జారింది.

"రెప్పను ఎముకకు పట్టి ఉంచే పట్టీ ఒకటుంటదమ్మా. అది ఆ రోజే తెగింది. దాన్ని వదిలేసి పై తోలు కుట్టిండ్రు."

"అప్పుడే కుడితే బాగయ్యేదా మేడమ్?"

"అవ్. ఆయనకు రాకపోతే మా దగ్గరికి పంపినా సరిపోయేది."

కన్ను చుట్టూ మత్తుసూది ఇచ్చి, మెలకువగా ఉండగానే ఆపరేషన్ చేశారు. గట్టిపడిన మచ్చను కోసి వదులు చేసి, రెప్ప కొసను ఎముక అంచుకు బిగించి కుట్టారు. వారానికి కుట్లు విప్పాక చాంది కళ్ళు మూసి చూసుకుంది. రెండూ పూర్తిగా మూసుకున్నాయి. సంతోషానికి బదులు ఒళ్ళు మండింది. ఇంత పనికా రెండేళ్ళు!

తిరుగు ప్రయాణంలో అశ్వారావుపేటలో దిగి, మంగీలాల్ వద్దంటున్నా ఆ డాక్టరు గదిలోకే నడిచింది. బల్ల మీద తమ తోట కూలీ దేవ్లా పడుకొని ఉన్నాడు. కంటి కొస చీలి రక్తం కారుతోంది. డాక్టరు సూదిలో దారం ఎక్కిస్తున్నాడు.

చాంది ఇద్దరి మధ్యా నిలబడింది. "సూది పక్కకు పెట్టు సారూ. ఖమ్మం పంపుతున్ననని చీటీ రాసియ్యి."

"ఎవరు నువ్వు? బయటికి నడువు!"

"నా మొఖం చూడు. రెండేండ్లు కన్ను మూయకుండ పండుకున్న. రానప్పుడు రాదని చెప్పాలె. గిట్ల మనుషుల మీద నేర్చుకుంటవా?"

"పోలీసులను పిలుస్త!"

"పిలువు సారూ," అన్నాడు గుమ్మంలోంచి మంగీలాల్. "వాళ్ళ ముంగటనే మాట్లాడుదాం."

దేవ్లా లేచి కూర్చున్నాడు. డాక్టరు చీటీ గీకి బల్ల మీదికి విసిరాడు.

"చేతికియ్యి," అంది చాంది. ఆయన తీసి ఇచ్చాడు.

ఆ సాయంత్రమే ప్రసూన దేవ్లా రెప్ప పట్టీని సరిచేసి కుట్టింది. అతని కన్ను చక్కగా మానింది. దాన్ని చూసినప్పుడల్లా చాందికి సంతోషమే. ఆ వెనకే మళ్ళీ ఒళ్ళు మండుతుంది.