మూడు చుట్ల పిడి

మా మామయ్య పియానోలు బాగుచేస్తారు. ఏ పియానోకి తీగలు మార్చినా, పనయ్యాక వేలితో నొక్కే మెట్లలో మొదటిది బయటికి లాగి, చెక్క పక్కన పెన్సిల్‌తో తేదీ వేస్తారు. ఈసారి పని సగంలో ఉండగానే రాసేశారు. తొంగిచూస్తే తేదీ కింద 'ఇదే ఆఖరుది' అని ఉంది.

గొడవంతా వేళ్ళతోనే. కొత్త తీగ కొసను, తిప్పి శ్రుతి బిగించే ఉక్కు పిన్నుకు మూడు చుట్లు, సందు లేకుండా చుట్టాలి. సందుంటే తీగ వదులై శ్రుతి నిలవదు. రెండు నెలలుగా ఆయన వేళ్ళు వణుకుతున్నాయి.

"బిగించడానికి భుజముంది. చుట్టడానికే వేళ్ళు లేవమ్మాయ్" అన్నారు.

నేను బట్టలు కుట్టేదాన్ని. కుట్టుమిషన్ బాబిన్‌కి దారం చుట్టే చక్రం తిప్పినప్పుడల్లా బుర్రలో ఒకటే పురుగు తొలుస్తోంది. తీగని మాత్రం అలా ఎందుకు చుట్టకూడదు? ఇనప చువ్వను రెండుచోట్ల వంచి, ఒక కొసకి ఆకురాయి పిడి తొడిగాను. రెండో కొసకి పాత పిన్నొకటి అతికించి ఇమ్మని వెల్డింగ్ అతని ప్రాణం తీశాను. పిన్ను చివర రంపంతో గాడి కోశాను. తీగ కొస అందులో ఇరికించి, చుట్టి, చుట్టంతా జారదీసి అసలు పిన్నుకు తొడగాలి.

చువ్వను చెక్కదిమ్మ బెజ్జంలోంచి దూర్చి, దిమ్మను బల్లకి బిగించి గర్వంగా తిప్పాను. తీగ చుట్టు మీద చుట్టు ఎక్కి ముద్దయింది.

మామయ్య పడీ పడీ నవ్వారు. "ఇది దారం కాదు తల్లీ! చుట్టు పక్కన చుట్టు పడుకోవాలి."

నాకు ఒళ్ళు మండింది. చిన్న చెక్కముక్కకి గాటు పెట్టి, తీగను పక్కకి నెట్టేలా దాన్ని దిమ్మకి మేకుతో కొట్టాను.

"ఇప్పుడు మీరు తిప్పండి మామయ్యా."

"నా చేతికి ఊతకర్రా?" మూతి ముడుచుకున్నారు.

"పిన్ను బిగించడానికి రెంచి వాడరూ? ఇదీ అంతే."

గొణుక్కుంటూనే పిడి పట్టుకున్నారు. చెయ్యి వణికింది, పిడీ వణికింది. తీగ మాత్రం ఒకటి, రెండు, మూడు చుట్లు బుద్ధిగా పక్కపక్కనే పడుకుంది. జారదీసి పిన్నుకు తొడిగారు, బిగించారు, మెట్టు నొక్కారు. చెవి ఒగ్గి చాలాసేపు విన్నారు. మళ్ళీ నొక్కారు.

తర్వాత ఆ మొదటి మెట్టు బయటికి లాగారు.

"అమ్మాయ్, ఆ గరుకు కాగితం ఇలా ఇవ్వు."

ఇచ్చాను. కింది వరుస పోయేదాకా చెక్కను రుద్దుతుంటే నాకు ఏడుపొచ్చేసింది. తేదీ కూడా చెరిపేశారు. పని ఇంకా సగమే అయిందిగా.