కొప్పు మీద చిక్కిన మేస్త్రి

ముప్పై ఏళ్లుగా పాత కట్టడాల రేకుల కప్పులకి రంగులు వేస్తున్న మేస్త్రి, గ్రంథాలయం కప్పు రెండు వాలులూ కలిసే కొప్పు మీద గుర్రమెక్కినట్టు కూర్చుని నాలుక కరుచుకున్నాడు. అంత అనుభవమూ ఉండి పప్పులో కాలేశాడు. ఎటు చూసినా తడి ఎర్రరంగే. నిచ్చెన ఎక్కడో ఆ రంగుకి అవతల, కింద ఉంది.

కప్పుకి రంగు పైనుంచి మొదలుపెట్టి నిచ్చెన దాకా వేసుకుంటూ దిగాలి. కొత్తగా పనిలో చేరినవాళ్లకి ఆయన మొదటిరోజే చెప్పే సంగతి ఇది. అయితే ఎండకి కాలిన రేకు మీద వేసిన రంగు పొంగుతుంది కాబట్టి నీడపట్టునే వెయ్యాలి. పొద్దెక్కేకొద్దీ, కొప్పు మీద లేచిన గడియారపు గోపురం నీడ కొప్పువైపు ముడుచుకుంటూ పోయింది. మేస్త్రి బుద్ధిగా దాని వెంటే పైకి పోయాడు. కుంచె సాఫీగా నడుస్తుంటే ఆయనకి ఒళ్లు తెలియదు మరి. అవతలి వాలుకి నిన్న కూతురు రంగు వేసింది. అది ఇవాళ సాయంత్రానికి గానీ కాలు మోపనివ్వదు.

వేరే రోజైతే తనే నవ్వుకునేవాడు. కానీ ఇప్పుడు పనులు ఒప్పుకునేది కూతురు. తండ్రి మోకాళ్లు చూసి ముందే తెగేసి చెప్పింది. "ఒక్క పొరపాటు జరిగినా ఇక నువ్వు నేల మీదే నాన్నా. రంగులు కలిపి ఇద్దువుగాని."

రంగులు కలపడమట! తలుచుకుంటేనే మేస్త్రికి తల కొట్టేసినట్టయింది.

ఊరికే కూర్చోలేక కొప్పురేకుని తుప్పు గీకే బిళ్ల పిడితో కొట్టి చూశాడు. ఖంగుమంది. ఇంకాస్త జరిగి కొట్టాడు, మళ్లీ ఖంగుమంది. గోపురం పక్కన మాత్రం మెత్తగా, బద్‌మంది. గోటితో గిల్లితే పాత రంగు పెచ్చు లేచి, కింద తుప్పు రాలింది.

ఆ చోటు ఆయనకి బాగా గుర్తు. పదేళ్ల కిందట వాన ముంచుకొస్తోందని తుప్పు గీకకుండా పైపైన పూసి దిగిపోయింది తనే. కొప్పుకి ఇవాళ ఎలాగూ రంగు పడాలి. ఒక్క పూత పూస్తే ఎవరికీ తెలియదు. తెలిసేది చిల్లు పడి, కింది గదిలో పుస్తకాల అల్మరాలు తడిశాకే. కుంచె ముంచి కాసేపు అలాగే పట్టుకున్నాడు. చుక్క మోకాలి మీద పడింది. డబ్బాకి మూత పెట్టేశాడు.

మధ్యాహ్నం గోపురం కిటికీ కమ్ముల వెనక కూతురి ముఖం కనబడింది. తండ్రినీ చుట్టూ రంగునీ చూసి కడుపుబ్బా నవ్వింది.

"కొత్తవాళ్లకి పాఠాలు చెప్పేది నువ్వే కదా నాన్నా!"

"నవ్వింది చాల్లే, క్యారేజీ ఇటివ్వు."

కమ్ముల మధ్య నుంచి ఒక్కో గిన్నే అందించింది. రెండు ముద్దలు తిన్నాక మేస్త్రి గిన్నె తిరిగి కూతురికే ఇచ్చేశాడు.

"ఇది ఒకటో పొరపాటు. రెండోది కూడా ఉందమ్మా," అని తుప్పు సంగతి చెప్పేశాడు, వాన నెపం పెట్టకుండా. "ఇప్పుడు గీకితే పొడి తడిరంగు మీద పడుతుంది. రేపు ఎవరినైనా ఎక్కించు."

కూతురి నవ్వు ఆగిపోయింది. చెయ్యి బయటికి చాచి బిళ్ల అందుకుని, దాని పిడితో తనూ కొట్టి చూసింది. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు.

"నిన్న ఈ కొప్పంతా నేనే కొట్టి చూశాను నాన్నా," అంది మెల్లగా. "నాకు తేడా తెలియలేదు. బాగుందని పనుల పుస్తకంలో రాసేశాను కూడా."

బిళ్ల తిరిగి తండ్రి చేతిలో పెట్టింది.

"రేపు నువ్వే ఎక్కు. నిచ్చెన నేను పట్టుకుంటా. కానీ ఎక్కేముందు ఎటునుంచి దిగాలో నాకు చెప్పి మరీ ఎక్కు."

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. సాయంత్రం దాకా దిగే దారి లేదు, ఎండ మాడ్చేస్తోంది. ఏ కప్పు మీదా ఆయన అంత సంతోషంగా కూర్చోలేదు.

"ఆ గిన్నె ఇలా ఇవ్వు," అన్నాడు. "ఆకలేస్తోంది."