హ్యాండ్లర్‌లో నిద్రపోకూడదు

అమీర్‌పేటలో డెమో క్లాసంటే పెళ్లిచూపుల లాంటిదే. నచ్చితే చేరతారు, లేకపోతే టీ తాగి పక్క బిల్డింగు మెట్లెక్కుతారు.

లినక్స్ డ్రైవర్ల కోర్సు నాది. పంజాగుట్టలో ఉద్యోగం మానేసి మరీ పెట్టుకున్నాను. ఈ డెమోకు వచ్చినవాళ్లలో సగం మందైనా చేరకపోతే నా గదిని ఏఐ కోర్సుకు ఇచ్చేస్తానని ఇన్‌స్టిట్యూట్ యజమాని అచ్యుతరావు గారు ముందే చెప్పారు. నవ్వి ఊరుకున్నాను. నా క్లాసు మీద నాకెప్పుడూ అనుమానం లేదు.

చిన్న బోర్డుకు ఒక బటన్, ఒక లైటు తగిలించాను. బటన్ నొక్కితే ఇంటరప్ట్, అంటే అర్జంటు కబురు, వస్తుంది. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్, చేస్తున్న పని ఆపి, మనం రాసిన హ్యాండ్లర్ అనే చిన్న కోడ్ ముక్కను పిలుస్తుంది. అందులో ఏం రాయాలని అడిగాను.

ముందు బెంచీలో తారక్ అనే కుర్రాడు జిరాక్స్ నోట్సు తీశాడు. "లైటు వెలిగిచ్చి, జరసేపు స్లీప్ పెట్టి, ఆర్పెయ్యాలె మేడమ్. మా పాత సార్ గిట్లనే చెప్పిండు."

"ఎప్పుడైనా నడిపి చూశావా?"

"లే మేడమ్. ఇంటర్వ్యూల అడిగితే చెప్పనీకి."

నాకు ఒళ్లు మండింది. ఈ వీధిలో అందరూ ఆ జిరాక్సే బట్టీ పడతారు, ఒక్కరూ బటన్ నొక్కరు. అతను చెప్పినట్టే టైపు చేసి, "రా, నువ్వే నొక్కు" అన్నాను.

లైటు వెలిగింది, ఆరలేదు. స్క్రీన్ నిండా ఎర్రర్లు పడి బోర్డు బిగుసుకుపోయింది. సరిగ్గా అప్పుడే అచ్యుతరావు గారు తలుపు తీశారు.

"ఏంటి నవీన గారూ, ఆగిపోయిందా? ఒకసారి బయటికి రండి, గది గురించి మాట్లాడాలి."

"విన్నాను సార్. క్లాసయ్యాక వస్తాను."

ఆయన అక్కడే నిలబడిపోయారు. నేను పిల్లల వైపు తిరిగాను.

"హ్యాండ్లర్‌కు నిద్రపోయే హక్కు లేదు. అది నిద్రపోతే మళ్లీ లేపే దారి కెర్నల్‌కు ఉండదు. కబురు అందుకోవాలి, అసలు పని తర్వాత తీరిగ్గా చేసే వేరే థ్రెడ్‌కు అప్పజెప్పాలి, వెంటనే వెనక్కి రావాలి."

బోర్డు రీస్టార్ట్ చేసి, పనిని రెండుగా విడదీసి రాశాను. తారక్ నొక్కాడు. లైటు వెలిగింది, ఆరింది. మళ్లీ నొక్కాడు.

"మేడమ్, సార్ పిలిస్తే మీరు జేసింది సుత గిదే కదా!" అన్నాడు.

గదంతా గొల్లున నవ్వింది. నాకు పట్టరాని సంతోషం వేసింది. ఆ మాట ఏ జిరాక్సులోనూ లేదు.

క్లాసు ముగించి తలుపు దగ్గరికి వెళ్లాను. "ఇప్పుడు చెప్పండి సార్, గది సంగతి."

అచ్యుతరావు గారు నా వెనక్కి చూశారు. క్లాసయిపోయినా ఒక్కరూ బయటికి కదల్లేదు. తారక్ చుట్టూ మూగి, బటన్ నొక్కడానికి తోసుకుంటున్నారు.

"గది సంగతి కాదండీ," అన్నారాయన గొంతు సవరించుకుని, "ఇలాంటి బోర్డులు ఇంకెన్ని కావాలి?"