కాగితం వెనకవైపు

నాచారంలో మేము మసాలా పొడులు ప్యాక్ చేసే షెడ్డులో ఏడాదికోసారి ఆరోగ్య శిబిరం పెడతారు. ఆ పూట మిషన్లు ఆపేస్తారు. బీపీ, షుగరు చూస్తారు, బరువు తూస్తారు, ఒక కాగితం నింపిస్తారు. ఈసారి ఆ కాగితానికి వెనకవైపు కూడా ప్రశ్నలున్నాయి. ముందువైపు ఒంటి గురించి, వెనకవైపు మనసు గురించి.

మా పద్నాలుగు మందిలో సగం మంది కాగితాలు నేనే రాస్తాను. వెనకవైపు తిప్పగానే అందరిదీ ఒకటే మాట.

"అన్నిటికీ లేదని రాసెయ్ అక్కా."

అలాగే రాశాను. నా కాగితంలోనూ వరసగా 'లేదు' అనే రాసుకున్నాను. ఇలాంటి ప్రశ్నలు పిచ్చిపట్టిన వాళ్లకు గానీ మనకెందుకు అనుకున్నాను.

ఆఖరున ఉమ వచ్చి పక్కన కూర్చుంది.

ఉమ నా బల్ల దగ్గరే ప్యాకెట్లకు సీలు వేస్తుంది. ముప్పై రెండేళ్లు. ఇద్దరం ఉప్పల్లో ఒకే బస్సెక్కి వస్తాం. మా సూపర్‌వైజర్ మొగిలయ్య నడకను చేసి చూపించి షెడ్డంతా నవ్వించే మనిషి. నెల రోజులుగా ఆ నవ్వులాట లేదు. రెండు ముద్దలు తిని టిఫిన్ మూసేస్తుంది. అడిగితే ఎండలకు అంటుంది. ఇవాళ చూస్తే మధ్యాహ్నం నుంచి బయట వాన కురుస్తూనే ఉంది.

ముందువైపు అంతా బాగానే వచ్చింది. బీపీ సరిగానే ఉంది, షుగరు లేదు. బరువు మాత్రం పోయినేటికన్నా ఐదు కిలోలు తగ్గింది.

"సన్నబడ్డ. మంచిదే గదా" అంది ఉమ.

కాగితం తిప్పాను. నాకు గొంతెత్తకుండా చదవడం రాదు.

"గడిచిన రెండు వారాల్లో ఏ పని మీదా మనసు పోకుండా..."

"లేదు."

"నిద్ర సరిగా..."

"లేదు. మెల్లగ సదువక్కా, అందరు ఇంటున్నరు."

"పూర్తిగా చదవనియ్యవేందే?"

"సదువుడెందుకు? అందరిదెట్ల రాసినవో నాది గట్లనే రాయి."

అందరివీ రాసిన చేయి ఇక్కడ ఆగిపోయింది. ఆమె వద్దన్నది రాయడానికి నాకు హక్కు లేదు. 'లేదు' అని రాస్తే ఉమ మళ్లీ సీలు మిషన్ దగ్గరికి వెళ్లిపోతుంది. నర్సు నీరజ ఆ కాగితాన్ని బాగున్నవాళ్ల కట్టలో పెట్టేస్తుంది. వచ్చే ఏడు శిబిరం దాకా ఉమను ఎవరూ ఏమీ అడగరు.

"అక్కా, రాయరాదు?" అని తొందరపెట్టింది.

నేను ఆమె కాగితం పక్కన పెట్టి నాది తీశాను. మొదటి 'లేదు' మీద గీత కొట్టాను.

"ఏం జేస్తున్నవ్?"

"నాది తప్పు రాసిన. సరిజేస్తున్న" అన్నాను. తర్వాత అందరికీ వినిపించేలాగే చెప్పాను. "ఆదివారం వస్తే నాకు మంచం దిగబుద్ధి కాదు. సాయంత్రం నాలుగైనా మొఖం కడగను. మీ అన్న చనిపోయిన ఏడైతే డ్యూటీ దిగినంక ఉప్పల్ల దిగకుండ ఆఖరి స్టాపు ఘట్‌కేసర్ దాక పోయి, మళ్ల అదే బస్సుల వచ్చేదాన్ని. ఇంట్లకు పోవాలంటే భయం. ఒకసారి కాదు, మస్తుసార్లు."

మొగిలయ్య తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "ఆదివారం నేను గూడ స్నానం జెయ్యనక్కా. గది రోగమంటవా?" అన్నాడు.

"నీది బద్ధకం, మామా" అందెవరో. అందరూ నవ్వారు. ఉమ నవ్వలేదు. నా వైపే చూస్తోంది.

"గిన్నేండ్ల సంది చెప్పలేదేందక్కా?"

"ఎవరడిగిన్రే? బీపీ అంటే అడిగిన్రు, చెప్పిన."

రెండో 'లేదు' కూడా కొట్టేశాను. ఉమ తన కాగితం లాక్కుని, మళ్లీ నా ముందే పెట్టింది.

"మొదటిది మళ్ల సదువు" అంది. "పూర్తిగ సదువు."

చదివాను. ఈసారి మధ్యలో ఆపలేదు.

"అయితున్నది" అంది చిన్నగా. "నా పెనిమిటి మంచోడే. పాప మంచిగ సదువుతది. ఏం తక్కువైందని అడుగుతరు, ఏం చెప్పాలె? పాప నవ్వించాలని సూస్తది, నాకు నవ్వొస్తలేదు. పొద్దుగాల జడేసుకునుడు గూడ కొండెక్కినట్టుంటది."

ఆమె చెప్పినవన్నీ రాశాను. రాస్తున్నంతసేపూ ఆమె వేళ్లు నా చీర చెంగు పట్టుకునే ఉన్నాయి.

నీరజ రెండు కాగితాలూ చూసింది. ఇద్దరినీ పక్కకు పిలిచి, గురువారం ఉప్పల్లో మనసు డాక్టరు దగ్గరికి రమ్మని చీటీ రాసిచ్చింది.

"నాకేమన్న పిచ్చా మేడం?" అనడిగింది ఉమ. అప్పటికే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"బీపీ ఎందుకు సూసిన? గుండెకు దెబ్బ తగిలేదాక ఆగొద్దనే గదా. ఇది గూడ గంతే. ఇప్పుడొస్తే మాటలతోనే మస్తు తగ్గుతది."

గురువారం సగం రోజు సెలవడగడానికి మొగిలయ్య దగ్గరికి వెళ్లాం. ఉమకు అన్నిటికన్నా భయం ఇదే. దారిలో కడుపు నొప్పని చెబుదామని రెండుసార్లు అంది. నీ ఇష్టం అన్నాను.

"ఏమైంది?" అనడిగాడు మొగిలయ్య.

ఉమ నా వైపు చూసింది, ఆయన వైపు చూసింది.

"ఏం కాలేదు మామా. ఏమన్న కాకముందే డాక్టర్‌కు సూపించుకుంట. మనసు డాక్టర్‌కు."

మొగిలయ్య కాసేపు చేతిలోని తాళాలు ఇటూ అటూ తిప్పాడు.

"పోండ్రి" అన్నాడు. "గానీ ఇద్దరు ఒక్కసారే పోతే మిషన్ ఎవరు నడుపాలె?"

"నువ్వే నడుపు. నీ నడక కన్న అదే మంచిగ నడుస్తది" అంది ఉమ.

గురువారం మధ్యాహ్నం మేము గేటు దగ్గరికి వెళ్లేసరికే మొగిలయ్య మిషన్ ముందు కూర్చుని ఉన్నాడు. మూడు ప్యాకెట్లకు సీలు వంకరగా వేసి, నాలుగోది చేతిలో పట్టుకుని అక్కడి నుంచే అరుస్తున్నాడు, "జల్ది రాండ్రి" అని. ఉమ వెనక్కి తిరిగి చేయి ఊపింది. బస్సు వచ్చేదాకా నా చేయి వదల్లేదు.