ఆరని పేజీ

సోమవారం ఉదయం చాపెల్లో ప్రార్థన అయిపోగానే ఆ ఫాదర్ల యూనివర్సిటీలో ఎవరి పని వాళ్ళు మొదలుపెడతారు. పిల్లలు మెట్లమీద ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ క్లాసులకి పరుగెడతారు. హిస్టరీ మాష్టారు సుద్దముక్కని రెండుగా విరిచి ఒకటి జేబులో వేసుకుంటారు. లైబ్రరీ వెనకగదిలో లైబ్రేరియన్ గారు పాలకమండలి పాత మినిట్స్ పుస్తకం ఒకటి తెరిచి, నూట పన్నెండో పేజీలో తడిసిన అద్దుడు కాగితం తీసేసి కొత్తది పెడతారు. ఆ పేజీలో సిరా యాభై ఒక్క ఏళ్ళుగా ఆరలేదు. ఆవిడకి ముందు పనిచేసినాయన తాళాలగుత్తితో పాటు అద్దుడు కాగితాల కట్ట చేతిలో పెట్టి, "సోమవారం మరిచిపోకండి, పక్క పేజీకి అంటుకుంటుంది" అని మాత్రం చెప్పి రిటైరయ్యాడు. ఆవిడ మరిచిపోలేదు.

ఆ ఏడాది ఆ గది గుమ్మం అరగదీసిన మనిషి ఒక్కతే. హిస్టరీ, పొలిటికల్ సైన్స్ మూడో సంవత్సరం పిల్ల. ఉప్పు ఎక్కువైందన్నా, తక్కువైందన్నా వాదనకి దిగుతుందని ఇంట్లో ప్లీడరమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు కాలేజీ దాకా వచ్చింది. చివరి సంవత్సరంలో అందరూ ఒక ప్రాజెక్టు రాయాలి. "ఈ యూనివర్సిటీలో చదువుకుంటానని మొదట అడిగిన ఆడపిల్ల" అని ప్లీడరమ్మ విషయం ఎంచుకుంది. ఆ ఆడపిల్ల ఎవరో కాదు, వాళ్ళ అమ్మమ్మే.

అమ్మమ్మ స్కూలు చదువు అవగానే యూనివర్సిటీ ప్రెస్సులో బైండింగు పనిలో చేరింది. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాలు మడిచి కుట్టాలి. చేతులు మడుస్తుంటే కళ్ళు చదివేవి. కాకపోతే పెద్ద కాగితం మీద పేజీలు వరసగా ఉండవు. ఒకటో పేజీ పక్కన పదహారోది ఉంటుంది, రెండోది వెనకవైపుకి పోతుంది. అందుకని ఆవిడకి చరిత్రంతా ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఏ రాజు దేనికి యుద్ధానికి వెళ్ళాడో తెలుసు, తిరిగొచ్చాడో లేదో తెలియదు. ఆ మిగతాది తెలుసుకోవాలనే పంతొమ్మిదో ఏట దరఖాస్తు పెట్టింది. అప్పటికి అక్కడ ఆడపిల్లలే లేరు. దరఖాస్తు ఏమైందో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో మాత్రం "నువ్వే భయపడి ఊరుకుని ఉంటావులే" అని ఆటపట్టించేవాళ్ళు. ఆ మాటకి ఆవిడ కంచం ముందు నుంచి లేచిపోయిన రోజులున్నాయి.

ఆ సంగతి నూట పన్నెండో పేజీలో దొరికింది. ప్లీడరమ్మ అద్దుడు కాగితం పక్కకి తీసి, వేలు తగలకుండా చదివింది. "దరఖాస్తుదారు హాజరై, తన దరఖాస్తును తానే ఉపసంహరించుకున్నారు." రెండుసార్లు చదివింది.

హిస్టరీ మాష్టారిని పిల్లలు ఆధారం మాష్టారంటారు. ఇవాళ వర్షం పడిందండీ అని చెప్పినా "ఆధారం?" అని అడిగే రకం. ఆయన ఆ వాక్యం విని పెదవి విరిచారు.

"రాసే ఉంది కదమ్మా. మీ అమ్మమ్మగారే వెనక్కి తీసుకున్నారు."

"అమ్మమ్మ ఎప్పుడూ అలా చెప్పలేదండీ."

"అమ్మమ్మలు చెప్పినవి ఇంట్లో బావుంటాయి. ప్రాజెక్టుకి కాగితం కావాలి. శుక్రవారంలోగా వేరే విషయం చూసుకో."

ప్లీడరమ్మ మొహం మాడ్చుకుని ఇంటికి వెళ్ళింది. అమ్మమ్మ కిటికీ దగ్గర కూర్చుని పక్కింటివాళ్ళ అట్టలూడిన డిక్షనరీకి వెన్ను కుడుతోంది.

"నిజం చెప్పు అమ్మమ్మా. నువ్వే వద్దన్నావా?"

సూది ఆగిపోయింది. "నువ్వు కూడానా?" అంది ఆవిడ.

సూదిని డిక్షనరీ వెన్నులోనే వదిలి ఆవిడే చెప్పింది. "లోపలికి పిలిచారు. పదకొండుమంది కూర్చున్నారు. నువ్వు క్లాసులో కూర్చుంటే పుస్తకాలు ఎవరు కుడతారమ్మా అన్నాడు ఒకాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే అక్కడే ఏడ్చేస్తానేమోనని నవ్వానే. ఇక వెళ్ళమన్నారు, వచ్చేశాను. వద్దని నేనెప్పుడూ అనలేదు."

అలా అడిగినందుకు ప్లీడరమ్మ సిగ్గుపడింది. అమ్మమ్మ ఒళ్ళో తల పెట్టుకుని, దారం చిక్కుపడేదాకా అలాగే ఉండిపోయింది.

మర్నాడు పొలిటికల్ సైన్స్ క్లాసు. మాష్టార్లు తక్కువ కాబట్టి అదీ ఆధారం మాష్టారే చెబుతారు. ఆ రోజు పాఠం సభ నడిపే పద్ధతి. "ఏ సభైనా ముందు గత సమావేశం మినిట్స్ చదివి వినిపించాలి. సభ్యులు సరేనని, అధ్యక్షుడు సంతకం పెట్టేదాకా అది వట్టి చిత్తుప్రతి" అన్నారాయన. ప్లీడరమ్మ పుస్తకాలు కూడా తీసుకోకుండా లేచి బయటికి పరుగెత్తింది.

లైబ్రరీ వెనకగదిలో మినిట్స్ పుస్తకమంతా తిరగేసింది. ప్రతి సమావేశం చివరా ధ్రువీకరించినట్టు సంతకం ఉంది, నూట పన్నెండో పేజీకి తప్ప. కారణం తరవాతి పేజీలోనే ఉంది. ఆ సమావేశానికీ తరవాతి సమావేశానికీ మధ్య, సభకి అధ్యక్షుడైన అప్పటి రెక్టర్ ఫాదర్ పోయారు. ఆయన ఆత్మశాంతికి మొదలుపెట్టిన ప్రార్థన గంటన్నర సాగింది. కళ్ళు తుడుచుకుని లేచినవాళ్ళు పాత మినిట్స్ చదవడం మరిచిపోయి తిన్నగా రెండో అంశంలోకి వెళ్ళిపోయారు.

లైబ్రేరియన్ గారు ముక్కున వేలేసుకున్నారు. "అందుకా ఇది ఆరంది! నేను గదిలో చెమ్మ అనుకుని కిటికీ కూడా మార్పించాను."

ప్లీడరమ్మ మళ్ళీ క్లాసు గుమ్మంలో నిలబడింది. "చిత్తుప్రతి ఆధారమవుతుందా అండీ?"

"అవదు" అన్నారు మాష్టారు. సంగతంతా విని, నెమ్మదిగా సుద్దముక్క బల్లమీద పెట్టారు. "కానీ సవరించాలంటే ఆ రోజు ఆ గదిలో ఉన్న మనిషే సవరించాలి. ఆ పదకొండుమందీ పోయారమ్మా."

"పన్నెండో మనిషి ఉందండీ. 'దరఖాస్తుదారు హాజరై' అని వాళ్ళే రాసుకున్నారు."

మాష్టారు బల్లమీది సుద్దముక్క తీసి జేబులో వేసుకున్నారు. "శుక్రవారం సంగతి నేను చూసుకుంటాను. రెక్టర్ గారికి ఉత్తరం నేనే రాస్తాను" అన్నారు.

మరుసటి నెల పాలకమండలి కూర్చుంది. ముందు ప్రార్థన చేశారు, ఈసారి చిన్నదే. అమ్మమ్మని బల్లకి ఈ చివర కుర్చీలో కూర్చోబెట్టారు. ప్లీడరమ్మ, మాష్టారు గోడవారగా నిలబడ్డారు. ఇప్పటి రెక్టర్ ఫాదర్ వయసులో అమ్మమ్మ కొడుకు కన్నా చిన్నవాడు. పేజీ చదివి వినిపిస్తుంటే ఆయన వేలికి నీలం అంటింది. జేబురుమాలుతో తుడుచుకుని అడిగారు. "ఇందులో సవరణ ఏమైనా ఉందా అమ్మా?"

ఆవిడ ముందు పుస్తకం వెన్ను తడిమి చూసి, "ఇది నేను కుట్టిందే" అంది. తరవాత కలం తీసుకుని, మార్జిన్‌లో ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ రాసింది. "నేను వెనక్కి తీసుకోలేదు. నన్ను ఎవరూ అడగలేదు."

"ధ్రువీకరిద్దామా?" అన్నారు రెక్టర్. చేతులు లేచాయి. ఆయన సంతకం పెట్టారు. లైబ్రేరియన్ గారు అలవాటు కొద్దీ అద్దుడు కాగితం వేసి నొక్కి తీస్తే, తెల్లగా వచ్చింది. అటూ ఇటూ తిప్పి చూసుకుని ఆ కాగితాన్ని సంచిలో వేసుకున్నారు.

పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. రిజిస్ట్రార్ గొంతు సవరించుకుని రెండో అంశం చదవబోయాడు.

"ఒక్క మాట ఫాదర్" అంది ప్లీడరమ్మ. "వెనక్కి తీసుకోలేదని ఇప్పుడే ఒప్పుకున్నారు. అంటే ఆ దరఖాస్తు ఇంకా మీ ముందే ఉన్నట్టు కదండీ?"

రిజిస్ట్రార్ పాత ఫైలు తెప్పించాడు. దరఖాస్తు, దానికి గుండుసూదితో గుచ్చిన స్కూలు సర్టిఫికెట్టు రెండూ ఉన్నాయి. రూల్స్ పుస్తకం తిరగేశాడు. చేరడానికి ఇంత వయసు దాటకూడదని ఎక్కడా లేదు. తల గోక్కుని రెక్టర్ వైపు చూశాడు.

రెక్టర్ ఫాదర్ ముందుకి వంగి కూర్చున్నారు. "ఓటింగుకి పెట్టేముందు పద్ధతి ప్రకారం మిమ్మల్నో మాట అడగాలమ్మా. ఈ దరఖాస్తు మీరు వెనక్కి తీసుకుంటారా?"

ఆ ప్రశ్న ఆవిణ్ణి ఒక మనిషి అడగడం అదే మొదటిసారి. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటిని దాచుకోలేదు. బల్ల చుట్టూ ఉన్న మొహాల్ని ఒక్కొక్కటిగా చూసింది.

"మొదటి క్లాసు ఎన్నింటికి ఫాదర్?" అంది.

రెక్టర్‌కి టైం తెలియక గోడవైపు చూశారు. అక్కడ ఆధారం మాష్టారు చేతులు కట్టుకుని, విద్యార్థిలా నిటారుగా నిలబడి, "తొమ్మిదికండీ" అన్నారు.