సోల్ వీధి గోడకు సున్నం

సోల్ వీధిలో ఒక గది అద్దెకుందని తెలిసిన రోజుకు నాకు డెబ్బై రెండేళ్ళు. ఆ వీధిలోనే పుట్టాను. పదకొండో ఏట బడి మానేశాను. పెళ్ళయ్యాక పక్క ఊరు బయామోన్ వెళ్ళి నలభై ఏళ్ళు కాంక్రీటు ఇంట్లో ఉడికాను. మిగిలిన రోజులైనా సముద్రం పక్కన పాత సాన్ హువాన్‌లో, నా సొంత తాళంచెవితో బతకాలని నా పంతం.

మా చెల్లెలు క్రుసితా, "అక్కా, అక్కడి అద్దెలకు టూరిస్టులే గుడ్లు తేలేస్తున్నారు" అంది. క్రుసితా చిన్నప్పుడు కూడా సముద్రం చూస్తేనే జలుబు చేస్తుందనేది.

వెళ్ళి చూస్తే ఒక్కటే గది. మూల పొయ్యి, తెర వెనక స్నానానికి చోటు, వీధి వైపు ఎత్తయిన తలుపు. ఇంటామె నెరెయిదా ముప్పై దాటిన పిల్ల. జీతం కాగితం అడిగింది.

"జీతం లేదు తల్లీ. పోయిన మా ఆయన పెన్షను వస్తుంది."

"పోనీ, హామీ ఉండేవాళ్ళు?"

"నా గురించి తెలిసినవాళ్ళంతా శ్మశానంలో ఉన్నారు. వెళ్ళి అడుగుతావా?"

ఆమె నవ్వలేదు. "ఏమీ అనుకోకండి మోనిన్ గారూ, ఇంకో ఇద్దరు చూసి వెళ్ళారు."

"వాళ్ళు మళ్ళీ రారులే" అన్నాను. అప్పటికే వెనక గోడ చూశాను. రంగు బొబ్బలెక్కి పెచ్చులూడుతోంది. గదంతా చెమ్మవాసన.

"ఎన్నిసార్లు రంగు వేయించావు?"

"నాలుగు. ప్రతిసారీ ఇంకా ఖరీదైనదే."

"పాత ఇటుకా సున్నం గోడ ఇది. వానకు నీళ్ళు తాగుతుంది, ఎండకు వదిలేస్తుంది. నువ్వు దానికి ప్లాస్టిక్ చొక్కా తొడిగావు. ఊపిరాడక చస్తోంది."

మా నాన్న ఈ వీధి గోడలకు వెల్ల వేసేవాడని, కొడుకుల్లేక బాల్చీ నా చేతికిచ్చాడని చెప్పాను. "ఒక బారెడు గోడ ఇయ్యి. వానలయ్యాక చూడు. బాగుంటే గది నాకియ్యి, బాగోకపోతే మళ్ళీ నీ గడప తొక్కను."

మూడు రోజులు ఇటుక కనబడేదాకా గీకాను. ఊళ్ళోని పాత కోట మరమ్మతులు చేసే మేస్త్రీ దగ్గర నెలల తరబడి నానిన సున్నం తెచ్చి మెత్తాను. అది గట్టిపడ్డాక, నాగజెముడు జిగురు కలిపిన సున్నాన్ని పాలంత పల్చగా అయిదు పూతలు వేశాను, ఒకటి ఆరాక ఇంకొకటి.

పక్కింటి తోన్యో తన గుమ్మంలో కూర్చుని కాఫీ తాగుతూ, "మోనిన్, నీ వయసు వాళ్ళు కూడలిలో బల్ల మీద కూర్చుంటారు" అన్నాడు.

"నువ్వెళ్ళి కూర్చో. గుమ్మం ఖాళీ అయితే వీధికి అందం."

సెప్టెంబరులో పది రోజులు ఒకటే వాన. తెరిపిచ్చాక నెరెయిదా వచ్చింది. మిగతా గోడంతా కొత్తగా పొంగి ఉంది. నా బారెడు మీద అరచెయ్యి ఆనించి, తీసి చూసుకుంది. తడి లేదు.

"గోడలన్నీ మీరే చెయ్యండి. ఏడాది అద్దె వద్దు" అంది.

"అద్దె అద్దే, కూలి కూలే. రెండూ కలిపితే నేను నీ దయ మీద ఉన్నట్టవుతుంది. మగ మేస్త్రీకి ఎంతిస్తావో నాకంత ఇయ్యి. అద్దె ఒకటో తారీఖున నీ చేతిలో ఉంటుంది."

ఈసారి నవ్వింది. బల్ల మీద ఒప్పందం కాగితం పరిచి రాస్తూ, ఒక చోట ఆగింది.

"వృత్తి అని ఉంది. ఏం రాయను?"

ఇన్నేళ్ళలో నా కాగితాలన్నిటి మీదా అక్కడ 'ఇంటిపని' అనే రాశారు. కలం ఇలా ఇమ్మన్నాను. నా రాత వంకర, అక్షరానికో నిమిషం పట్టింది. ఆ పిల్ల ఓపిగ్గా నిలబడింది.

'సున్నం మేస్త్రీ' అని రాశాను.